పార్స్‌నిప్ విత్తనాల హాజరు

కనబడనిదాన్ని నమ్మకూడదని నేను జీవితంలో అధికభాగం చెబుతూ వచ్చాను. కళాశాలలో భౌతికశాస్త్రం బోధించినన్నాళ్లూ విద్యార్థులకు చెప్పాను. ఉద్యోగ విరమణ తర్వాత, ఊపిరితిత్తులకు చల్లగాలి మంచిదని వైద్యుడు అన్నందువల్ల మన్యంలోని ఈదురుమెట్టకు వచ్చి స్థిరపడ్డాక, దెయ్యాల గురించీ గ్రహాల గురించీ అడిగినవారికీ అడగనివారికీ కూడా చెప్పాను. విన్నవారు ఎంతో మర్యాదగా తల ఊపి, ఇంటికి వెళ్లి గుమ్మానికి కొత్త నిమ్మకాయ కట్టుకునేవారు. నా సిద్ధాంతాన్ని షరతులు లేకుండా ఆచరణలో పెట్టినది, నాకు తెలిసినంతలో, ఒక్కటే: కొండప్రాంత అపూర్వ పంటల ప్రోత్సాహక శాఖ.

ఆ శాఖకు ఆ జ్ఞానం కలగడానికి కారణం అంతకుముందు అమలైన అవకాడో పథకం. ఆ పథకం కింద మా కొండలమీద ఒక మహారణ్యం లేచింది. నివేదికల్లో లేచింది, కొండమీద లేవలేదు. పైనుంచి తనిఖీకి వచ్చిన పెద్దలు, ఏదైనా ఒక చెట్టు నీడన కూర్చుని భోజనం చేద్దామని ముచ్చటపడితే, చూపించడానికి చెట్టు దొరకలేదు. వారు ఎండలో భోజనం చేసి వెళ్లిపోయారు. ఆ వెనువెంటనే శాఖ 'ప్రత్యక్ష నిదర్శన సూత్రం' జారీ చేసింది. నాటినది ఏదైనా సరే, ప్రతిదినమూ ఫోన్‌లోని యాప్ ద్వారా తీసిన ఫోటోలో కనబడవలెను. కనబడినది ఉన్నట్టు, కనబడనిది లేనట్టు. చదివి నేను చాలా సంతోషించాను. ఇంత స్పష్టమైన వాక్యం నేను కూడా ఎన్నడూ రాయలేదు.

ఆ సూత్రం పరిధిలోకి వచ్చిన మొదటి పంట పార్స్‌నిప్.

ఇది చలిదేశాలవారు తినే దుంప. ఆకారంలో క్యారెట్‌కు అన్నగారిలా, రంగులో ముల్లంగికి దూరపు చుట్టంలా ఉంటుంది. మంచు పడితే తీపెక్కుతుంది. దాని విత్తనం మాత్రం పొట్టులాంటిది; ఎదురుగా ఎవరైనా తుమ్మితే ఎగిరిపోయేటంత తేలిక. మొలకెత్తడంలో అది మహా బద్ధకస్తురాలు. నేల చల్లగా, తడిగా ఉండి, ఎవరూ కదిలించకుండా ఉంటే, మూడు నాలుగు వారాలకు, అదీ తనకు బుద్ధి పుడితే, తల బయట పెడుతుంది. ఇదంతా ప్యాకెట్ వెనకవైపు రాసే ఉంది. శాఖ ముందువైపు చూసింది. అక్కడ బొమ్మ ఉంది.

పథకానికి 'ధవళమూల వికాసం' అని పేరు పెట్టారు. దానికి ప్రత్యేకాధికారిగా వచ్చినవారు భానోజీరావుగారు. నిజానికి చాలా మంచి మనిషి. కోపం ఎరుగరు, అబద్ధం ఆడరు, ఎదుటివాడు చెప్పేది చివరిదాకా వింటారు. విన్న తర్వాత, అది ఏ నిబంధన కిందికి వస్తుందో ఆలోచిస్తారు. ఏ నిబంధన కిందికీ రాకపోతే, ఆ మాట తాము విననట్టే అత్యంత సహజంగా మరచిపోతారు.

శాఖవారికి నచ్చిన నేల వంతల కాసులమ్మది. వాలులో ఉంది, చల్లగా ఉంది, అన్నిటికీ మించి కారు ఆగే దారి పక్కన ఉంది. కాసులమ్మకు యాభై దాటాయి, భర్త లేడు, కూతురూ అల్లుడూ వాళ్ల పిల్లా అందరికీ ఆ పొలమే ఆధారం. ఏటా వానలు వెనక్కు తగ్గుతున్నప్పుడు అందులో రాజ్మా గింజలు వేస్తుంది. దసరా లోపల విత్తితే పంట. దాటితే పూత మంచుకు చిక్కుతుంది. మడులు చిన్నవేననీ, మొలక చూపించి వెళ్లిపోతామనీ శాఖవారు అంటే ఒప్పుకుంది. తీరా చూస్తే పొలం చుట్టూ కంచె వేశారు.

"మడులు నాలుగే కదా బాబూ, మంచాలంతేసి. మిగిలిన నేలలో నా రాజ్మా ఏసుకుంతాను," అంది కాసులమ్మ, కంచె బయట నిలబడి.

"అలా వీలుపడదమ్మా," అన్నారు భానోజీరావుగారు ఎంతో అనునయంగా. "మడుల చుట్టూ ఉన్నది నిర్బీజ పరిధి. పక్కన మరొకటి మొలిస్తే, మొలిచినది ఏదన్న విషయంలో సందిగ్ధత తలెత్తుతుంది. ధవళమూలం మొలకెత్తినట్టు ధ్రువీకరణ వెలువడిన మరుక్షణం సదరు పరిధి మీకు పునఃసంక్రమిస్తుంది."

కాసులమ్మ నావైపు తిరిగింది. "ఏటంతన్నారు మేష్టారూ?"

"అది మొలిస్తే నీ నేల నీకు వస్తుందంటున్నారు."

"నా నేల నాకు రావడానికి ఆల దుంప మొలవాలేటి? మొలవకపోతే?"

"అలా అనకూడదమ్మా," అన్నారు భానోజీరావుగారు. "మొలుస్తుంది. శాఖాపరమైన విత్తనం."

మొలక ధ్రువీకరించడానికి ముగ్గురితో ఒక సంఘం ఏర్పడింది. అధ్యక్షులు భానోజీరావుగారు. కన్వీనరు ఉద్యాన సహాయకుడు తవిటినాయుడు. మూడోది పౌర ప్రతినిధి. ఊళ్లో శాస్త్రం మాట్లాడేవాడినీ, మధ్యాహ్నం ఖాళీగా ఉండేవాడినీ నేనొక్కడినే కావడం వల్ల ఆ గౌరవం నాకు దక్కింది. ముగ్గురి సంతకాలూ ఉంటే తప్ప మొలక మొలకెత్తినట్టు కాదు.

విత్తే రోజున భానోజీరావుగారు గుప్పెడు విత్తనాలు అరచేతిలో పట్టుకుని ఫోటోకు నిలబడ్డారు. ఫోటో తీసే అతను, "కొంచెం పైకెత్తండి సార్, ఆకాశం రావాలి," అన్నాడు. వారు పైకెత్తారు. మా ఊరికి ఈదురుమెట్ట అన్న పేరు ఊరికే రాలేదు. గాలి ఒక్క విసురు విసిరింది. విత్తనాలన్నీ తెల్లటి పొగలా లేచి, కంచె దాటి, కాసులమ్మ గుడిసె వెనక అల్లం వేసుకునే గట్టుమీదికి వెళ్లిపోయాయి. భానోజీరావుగారి చేయి మాత్రం ఆకాశంలో అలాగే ఉంది. ఫోటో చాలా బాగా వచ్చింది.

"వాయునష్టం కింద రాసుకో నాయుడూ," అన్నారు వారు, చేయి దించకుండానే.

ప్యాకెట్లో మిగిలిన విత్తనాలు మడుల్లో పడ్డాయి. ఒక్కొక్క దాని పక్కనా సంఖ్య వేసిన పుల్ల గుచ్చారు. పైన పల్చగా మట్టి కప్పారు. తవిటినాయుడు వంగి, మడిని ఫోటో తీసి, యాప్‌కు సమర్పించాడు. కాసేపు ఎదురుచూసి లేచాడు.

"సార్, ఒప్పుకోట్లేదండి."

"ఏమంటోంది?"

"'విత్తనము గుర్తించబడలేదు. వస్తువును స్పష్టముగా చూపగలరు' అంటోందండి."

"వస్తువు ఎక్కడుంది?"

"మట్టి కింద ఉందండి."

భానోజీరావుగారు క్షణం ఆలోచించారు. "మట్టి కింద ఉన్నట్టు మనకు ఎలా తెలుసు?"

"ఇప్పుడే కదండీ పెట్టాం."

"అవకాడో వాళ్లు కూడా ఇదే మాట చెప్పారు," అన్నారు వారు, కొంచెం విచారంగా.

తవిటినాయుడు మట్టి తొలగించి, మొదటి విత్తనాన్ని వేలికొసతో పైకి తీసి, అరచేతిలో పెట్టుకుని ఫోటో తీశాడు. 'ధన్యవాదములు. విత్తనము హాజరు' అంది యాప్. దాన్ని మళ్లీ గోతిలో పెట్టి మట్టి కప్పి, రెండోదాన్ని తీశాడు. యాప్ ఫోన్‌లోనే చూసి చెప్పేస్తుంది గాని, ఆ పొలంలో సిగ్నల్ ఉండదు. అన్నీ అయ్యాక పైనున్న రాతిబండ ఎక్కి ఫోన్ ఆకాశానికి చూపిస్తే తప్ప హాజరు పైవారికి చేరదు. ఇది ఇక ప్రతి ఉదయమూ జరగవలసిన కార్యక్రమం అయింది.

నాయుడు ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. రోజంతా ఆ మడుల మధ్య వంగి, దంతవైద్యుడిలా ఒక్కొక్కదాన్నీ బయటికి తీసి చూసుకుంటూ ఉండేవాడు. కాసులమ్మ కంచెకు అవతల చతికిలబడి ఆ తంతు గమనించేది.

"ఓ నాయుడు బాబూ! పడుకున్నదాన్ని రోజూ లేపి, మొకం సూసి, మళ్లీ పడుకోమంతే అదెలా పడుకుంతాది? నా మనవరాల్నిలాగ లేపితే ఊరంతా ఏడుపు ఇనిపిస్తాది."

"నేనేం చెయ్యను పిన్నీ. ఇది లేవకపోతే నన్ను లేపేస్తారు."

వారం గడిచాక నేను కార్యాలయానికి వెళ్లి భానోజీరావుగారికి విషయం వివరించాను. విత్తనం మొలకెత్తాలంటే చీకటీ తడీ నిశ్చలతా కావాలనీ, రోజూ కదిపితే లోపల తలెత్తబోతున్న వేరు ఎండిపోతుందనీ చెప్పాను. వారు కాఫీ తెప్పించి, చివరిదాకా విన్నారు.

"అంటే మీరనేది, మనం చూడనప్పుడు అది ఏదో చేస్తుందని?"

"అవునండీ."

"మనకు కనబడకుండా?"

"అవునండీ."

"మాస్టారూ, మొన్న పాఠశాలలో మీ ఉపన్యాసం నేను విన్నాను. చీకట్లో, ఎవరూ చూడనప్పుడు మాత్రమే జరిగేవి ఏవీ నమ్మవద్దని పిల్లలకు చెప్పారు. నాకు ఎంతో నచ్చింది. మా సిబ్బందికి కూడా చెప్పాను." వారు నా కప్పులో చక్కెర వేసి కలిపారు. "మీవంటివారు కూడా పట్టు సడలిస్తే ఎలా?"

ఆ ఉపన్యాసంలో దెయ్యాలకూ దుంపలకూ మధ్య తేడా నేను స్పష్టం చేసి ఉండవలసింది. అప్పట్లో అవసరమనిపించలేదు.

మరో వారానికి కొన్ని విత్తనాలు కనబడడం మానేశాయి. చీమలు లాక్కుపోయాయని నాయుడు చెప్పాడు. కాని చీమలు లాక్కుపోతున్నట్టు ఫోటో లేదు. అందువల్ల సమీక్షా సమావేశంలో దాన్ని అనధికార గైర్హాజరుగా పరిగణించారు. మర్నాడు ఆయా పుల్లలకు ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితాలు వేలాడాయి. "సదరు విత్తనము ముందస్తు అనుమతి లేకుండా స్థానమును వీడినందున, తగు సంజాయిషీ సమర్పించవలసినదిగా ఇందుమూలముగా కోరడమైనది. స్పందించనిచో చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించబడును."

కాసులమ్మ నాచేత ఒకటి చదివించుకుంది.

"అది సదువుకుని వొచ్చీస్తాదేటి?"

"రాకపోతే చర్య తీసుకుంటారు."

"మరయితే ఓ కాగితం చీమలకి కూడా కట్టమనండి. ఎత్తుకెల్లినవి అవే కదా. పుట్ట ఎక్కడుందో నాను సూపిస్తాను."

ఆ మాట నేను సమావేశంలో యథాతథంగా వినిపించాను. చీమలు శాఖ పరిధిలోకి రావని భానోజీరావుగారు నమోదు చేయించారు.

హాజరు తగ్గుతున్న కొద్దీ పైనుంచి ఒత్తిడి పెరిగింది. నగరం నుంచి ఒక పారదర్శకతా సలహాదారుని పంపించారు. నల్లకళ్లద్దాల యువకుడు, పేరు చెప్పేలోపే సమస్య కనిపెట్టాడు.

"సమస్య విత్తనంలో లేదు సార్. మట్టిలో ఉంది. మట్టి అనేది స్వభావరీత్యా ఒక అపారదర్శక మాధ్యమం. మనం పారదర్శక వ్యవస్థను అపారదర్శక మాధ్యమంలో అమలు చేస్తున్నాం."

"అద్భుతం," అన్నారు భానోజీరావుగారు. ఆ మాట వారి హృదయం లోతుల్లోంచి వచ్చింది.

మట్టి తీసేశారు. మడుల్లో తెల్లటి గుడ్డ పరచి, దానిమీద విత్తనాలు వరసగా పేర్చి, పైన అద్దపు పలకలు కప్పారు. మొట్టమొదటిసారి అన్నీ ఒక్క ఫోటోలో కనబడ్డాయి. నాయుడు నడుం నిటారుగా చేసుకుని సంతోషంతో నవ్వాడు. అతను అలా నిలబడగా చూడడం నాకు అదే ప్రథమం. మబ్బు విడి ఎండ కాసేసరికి అద్దం కింద విత్తనాలు పెనంమీద ఆవాలలా చిటపటమన్నాయి.

"సార్, కొన్ని ముడుచుకుంటున్నాయండి."

"ముడుచుకోవడం అంటే కదలడమే కదా?" అన్నాడు సలహాదారు.

"రాయి నాయుడూ," అన్నారు భానోజీరావుగారు. "చలనం ప్రారంభం."

ఆ సాయంత్రం కాసులమ్మ మా ఇంటికి వచ్చింది. చంకలో ఒక గోనెసంచి. వీధి అరుగుమీద సంచి దించి, తానూ కూర్చుంది. చుట్టుపక్కల పొలాల్లో రాజ్మా రెండాకులు వేసి ఉంది. ఆమె పొలంలో మాత్రం అద్దాలు మెరుస్తున్నాయి.

"మేష్టారూ, మీ సంతకం కావాలంట కదా. మొలిసిందని ఓ మాట రాసీండి. ఆల్లిద్దరూ రెడీగా ఉన్నారంట. నాయుడు బాబు సెప్పినాడు."

నిజమే. చలనం ప్రారంభమైనదాన్ని మొలకగా భావించవచ్చునా అని ఆనాటి ఉదయమే భానోజీరావుగారు నన్ను ఆశగా అడిగారు.

"మొలవలేదు కదమ్మా," అన్నాను.

"మొలవనేదని నాకు తెల్దా? నా కళ్లముందే వేపీసినారు."

"లేనిదాన్ని ఉందని రాయలేను. అవకాడో వాళ్లు చేసింది అదే."

"ఆల్లు నేని సెట్టుని ఉందన్నారు. ఈల్లు ఉన్న ఇత్తనాన్ని సంపీసి ఉందంతన్నారు. మద్దెన మీరు నిజం సెప్పి కూకుంతారు. ముగ్గురికీ బాగానే ఉంది. మరి నా రాజ్మా?"

జీవితంలో నేను ఎన్నో వాదనలు ఎదుర్కొన్నాను. పునర్జన్మ మీద, జాతకాల మీద, మంత్రాల మీద వాదించినవారెవరూ నన్ను రాజ్మా గురించి అడగలేదు.

"దసరా ఎప్పుడు మేష్టారూ? మీరు పంచాంగం సూడరు గానీ, గోడమీద కేలండరైనా సూస్తారు కదా?"

"పది రోజులుంది."

ఆమె లేచి చీర దులుపుకుంది. "అదిగో, ఈ సంచిలో నా ఇత్తనాలు. పొలంలో ఏసుకోనీరు కదా, మీ ఇంట్లోనే ఉండనీండి. రోజూ పొద్దున్నే మూతి ఇప్పి సూసి, ఉన్నాయి అని రాసుకోండి. మీకూ తోస్తాది." అలా అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

సంచి అరుగుమీదే ఉంది. మూతి విప్పి చూశాను. ఎర్రటి గింజలు, ఒక్కటి కూడా గైర్హాజరు లేదు. ఇంటి నీడలో, ఎండ తగలకుండా, చీమ పట్టకుండా, పొడిగా, ఎన్నాళ్లయినా ఇలాగే ఉంటాయి. ఎప్పుడు చూసినా కనబడతాయి. చాలాసేపు ఆ గింజలకేసి చూస్తూ ఉండిపోయాను. అబద్ధం ఆడవలసిన అవసరం లేదని నాకు అప్పుడు తోచింది. శాఖవారు సగం దారిలో ఆగిపోయారు, అంతే. మిగతా సగం కూడా నడిపిస్తే చాలు.

మర్నాడు సంఘం సమావేశంలో నేను మాట్లాడడానికి అనుమతి కోరాను.

"అధ్యక్షా, విత్తనాల హాజరుకు ఆటంకాలు ఏవో ఒకసారి పరిశీలిద్దాం. ఎండ, గాలి, చీమలు, సిగ్నల్ లేకపోవడం. ఇవన్నీ ఎక్కడున్నాయి?"

"క్షేత్రంలో," అన్నారు భానోజీరావుగారు.

"అంటే ఆటంకం క్షేత్రమే. ఈ గదిలో ఎండ లేదు, గాలి లేదు, సిగ్నల్ ఉంది. మీ వెనక అద్దాల బీరువా కూడా ఉంది."

భానోజీరావుగారు నెమ్మదిగా వెనక్కి తిరిగి, సంవత్సరాల తరబడి అక్కడే ఉన్న బీరువాను కొత్తగా చూశారు.

"సార్, ఆఫీసులో ఫోటో తీస్తే 'క్షేత్రం వెలుపల' అంటుందండి యాప్," అన్నాడు తవిటినాయుడు, భయంభయంగా.

"క్షేత్రం అంటే ఏమిటి నాయుడూ?" అని నేను అడిగాను. "విత్తనాలు ఉన్న చోటు. విత్తనాలు బీరువాలో ఉంటే క్షేత్రం ఎక్కడ?"

"బీరువాలో," అన్నారు భానోజీరావుగారు. నాకు చేతులు జోడించబోయి, అధ్యక్షస్థానంలో ఉన్న సంగతి గుర్తొచ్చి ఆగిపోయారు. "మాస్టారూ, ఇన్నాళ్లూ మీరు పథకానికి వ్యతిరేకులేమోనని లోపల ఒక అనుమానం ఉండేది. క్షమించాలి."

ఉత్తర్వు అదే రోజు తయారయింది, యాప్‌లో కూడా ఎక్కింది: "ఇకమీదట కార్యాలయపు ఉత్తరపు గదిలోని బీరువాను క్షేత్రముగా పరిగణించవలెను."

"మరి కాసులమ్మ పొలమో సార్?" అన్నాడు నాయుడు.

"నిర్బీజ పరిధి దేని చుట్టూ ఉండాలి?" అని నేను అడిగాను.

"విత్తనాల చుట్టూ," అన్నారు అధ్యక్షులు.

"ఈ ఉత్తర్వు ప్రకారం పొలంలో ఇప్పుడు విత్తనాలు ఉన్నాయా?"

"లేవు."

"మరి అక్కడి కంచె?"

భానోజీరావుగారు న్యాయం తప్పే మనిషి కాదు. "ఆధారం లేని కంచె. తక్షణం తొలగించండి," అన్నారు.

తొలగించిన కంచెను తెచ్చి కార్యాలయం చుట్టూ వేశారు, ఎందుకంటే పరిధి ఇప్పుడు అక్కడ ఉంది. గుమ్మం పక్కనున్న బంతిమొక్కలు పీకేశారు. సిబ్బంది ఎవరూ ఉదయం ఫలహారానికి మొలకెత్తిన పెసలు తీసుకురాకూడదని హెచ్చరిక అంటించారు. బీరువా పైఅరలో ముదురు ఎరుపు గుడ్డమీద పార్స్‌నిప్ విత్తనాలు, కొన్ని ముడుచుకున్నవీ కొన్ని ముడుచుకోనివీ, కొలువు తీరాయి. పోయినవాటి లోటు కొత్త ప్యాకెట్‌తో పూరించారు. ఆ రోజు మొదలు హాజరు నూటికి నూరు శాతం. నడుం వంచనక్కర లేకుండా తవిటినాయుడు కుర్చీలో కూర్చునే ఫోటో తీసేవాడు. అతని నడుంనొప్పి పూర్తిగా నయమైంది. పథకం వల్ల లబ్ధి పొందిన మొదటి వ్యక్తిగా అతన్ని గుర్తించి ఉండవచ్చు గాని, ఎవరికీ తోచలేదు.

కాసులమ్మ సంచి తీసుకెళ్లడానికి వచ్చింది.

"సంతకం ఎట్టీసినారేటి మేష్టారూ?"

"పెట్టలేదు. మొలిచిందని ఎక్కడా రాయలేదు."

"మరి నేలెలా ఒగ్గీసినారు?"

"వాళ్ల పొలాన్ని వాళ్ల ఆఫీసుకు పట్టుకెళ్లమన్నాను. పట్టుకెళ్లారు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "మీకు సదువు బాగానే ఒంటబట్టినాది," అని సంచి నెత్తికెత్తుకుంది. దసరాకు ముందురోజు సాయంత్రానికి పొలమంతా విత్తేసింది.

కార్తీకం దాటాక చలి ముదిరింది. తెల్లవారేసరికి గడ్డిమీద మంచు గట్టిపడి, కాలికింద నలిగి చప్పుడు చేసేది. రాజ్మా కాయలు ఎండుతున్నాయి. ఒక ఉదయం నడకకు వెళ్లినప్పుడు కాసులమ్మ గుడిసె వెనక గట్టుమీద, అల్లం మధ్య, కొత్తిమీరకు పెద్దక్కలా ఉన్న గుబురాకులు చూసి ఆగిపోయాను. కిందికి వంగి ఒకదాన్ని వేళ్లతో తవ్వాను. తెల్లటి దుంప, జానెడు పొడవు, నిటారుగా నేలలోకి దిగి ఉంది. భానోజీరావుగారి చేతిలోంచి ఆకాశానికి ఎగిరినవి ఇక్కడ దిగాయి. ఎవరూ చూడలేదు, ఎవరూ కదపలేదు, ఎవరూ సంజాయిషీ అడగలేదు. తమ తీరికలో తాము మొలిచాయి.

"ఏదో పిచ్చిమొక్క అనుకున్నాను. అల్లానికి అడ్డం రానేదని ఒగ్గీసినాను," అంది కాసులమ్మ. "ఇదేనేటి ఆల దుంప?"

"ఇదే."

ఆమె మొహంలో రంగు మారింది. "మళ్లీ కంచె ఏసేస్తారేటి?"

నేను జవాబు చెప్పేలోగా కారు చప్పుడు వినిపించింది. శాలువా కప్పుకుని భానోజీరావుగారు దిగారు. పథకానికి ఉత్తమ హాజరు పురస్కారం వచ్చిందనీ, సంక్షేమ భవనంలో సభ అనీ, నేను తప్పక వేదికమీద కూర్చోవాలనీ చెప్పడానికి మా ఇంటికి వెళ్లి, నేను లేకపోవడంతో వెతుక్కుంటూ వచ్చారు. చలికి వారి పళ్లు టకటకలాడుతున్నాయి. కాసులమ్మ, ఇంటికి వచ్చిన మనిషి ఎవరైనా మనిషే కనుక, కుంపటి దగ్గర పీట వేసింది. నిప్పుల్లో ఏదో కాలుతోంది. మనవరాలు అప్పటికే కొన్ని దుంపలు లాగి తెచ్చి నిప్పుల్లో పెట్టుకుందన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

కాసులమ్మ కాసేపు సందేహించి, ఒకటి బయటికి లాగి, బూడిద దులిపి, ఆకులో పెట్టి ఇచ్చింది. భానోజీరావుగారు ఊదుకుంటూ కొరికారు. కళ్లు మూసుకున్నారు. తెరిచారు. ఇంకొంచెం కొరికారు.

"ఎంత మధురంగా ఉంది! పైన కరకర, లోపల తేనె. ఏమిటమ్మా ఇది?"

కాసులమ్మ నావైపు చూసింది. ఆ చూపులో ఒక పొలం మొత్తం ఉంది.

"మాస్టారూ, మీకు తెలిసే ఉంటుంది. ఏమిటిది?"

సూటిగా అడిగారు. నాకు ఉన్నది ఒక్కటే అలవాటు. ఈ వయసులో మార్చుకోలేను.

"పార్స్‌నిప్ అండీ. విత్తిన రోజున మీ చేతిలోంచి ఎగిరిపోయిన విత్తనాలే. ఇక్కడ పడి మొలిచాయి."

కాసులమ్మ నోట్లో ఏదో గొణుక్కుంది. నన్ను ఉద్దేశించినదే, నా పూర్వీకులను కూడా కలుపుకుని.

భానోజీరావుగారు దుంపను తిప్పి తిప్పి చూశారు. వారి నుదుటిమీద శ్రద్ధ ముడిపడింది. "విత్తన దశలో దీని ఫోటోలు ఉన్నాయా?"

"లేవు."

"హాజరు?"

"ఒక్కరోజు కూడా లేదు."

"సంఖ్య?"

"లేదండీ. వాయునష్టం కింద రాసేశారు."

వారి ముఖం తేటపడింది. ఎంతో ఆప్యాయంగా నా భుజం తట్టారు. "మరైతే ఇది కాదు మాస్టారూ. పార్స్‌నిప్‌లు ఆఫీసులో ఉన్నాయి. ఇప్పుడే చూసి వస్తున్నాను; అన్నీ ఉన్నాయి. మీకు వయసు మీద పడుతోంది." వారు కాసులమ్మవైపు ఆకు చాపారు. "ఇంకొకటి ఉందా అమ్మా?"

ఆమె ఇంకొకటి ఇచ్చింది. దాని తర్వాత మరొకటి కూడా ఇచ్చింది. కారు మలుపు తిరిగి కనబడకుండా పోయాక కుంపటిలో నిప్పులు ఎగదోసి, నాకు కూడా ఒకటి ఆకులో పెట్టింది.

"మీరు సెప్పుకోండి మేష్టారూ, ఎంత నిజమైనా సెప్పుకోండి," అంది. "మీ నిజంతో మాకేటీ బయం నేదు. ఎవులూ నమ్మరు కదా."